పన్ను ఎంత మిగిలిందో తేలాకే క్యాపా, బ్రిడ్జా, ఇంప్లాంటా అన్నది

బెంగళూరులో పన్ను నొప్పి వస్తే డాక్టర్ దొరకడం పెద్ద కష్టమేం కాదు. మారతహళ్లి, బీటీఎం, కడుగోడి, ఎలక్ట్రానిక్ సిటీ ఎటు పోయినా వీధికో డెంటల్ క్లినిక్, చాలాచోట్ల తెలుగులోనే మాట్లాడేస్తారు. కష్టమంతా కుర్చీలో పడుకుని నోరు తెరిచాక మొదలవుతుంది. ఎక్స్‌రే చూపించి "ఫిల్లింగ్‌తో లాగొచ్చు గానీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం, ఆర్‌సీటీ చేసి క్యాప్ వేస్తే మేలు, అదీ వద్దంటే తీసేసి ఇంప్లాంట్ పెట్టేద్దాం" అని ఒక్క నిమిషంలో చెప్పేస్తారు (ఆర్‌సీటీ అంటే రూట్ కెనాల్, పన్ను లోపలి నరం తీసేయడం, క్యాప్ అంటే పన్ను మీద తొడిగే తొడుగు, ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో స్క్రూ దించి దాని మీద కట్టే పన్ను), ఫిల్లింగ్ ఖర్చుకీ ఇంప్లాంట్ ఖర్చుకీ పది రెట్లకి పైనే తేడా ఉంటుంది, ఒక పక్క పన్ను సలుపుతూ ఉంటుంది, ఇంకో పక్క ఆఫీస్ కాల్ టైమ్ అవుతుంటుంది. అలాంటప్పుడు ఎవరైనా రేటే చూస్తారు, ఇంకొంచెం ఓపికుంటే వారంటీ ఎన్నేళ్లు అని అడుగుతారు. నిజానికి ముందు అడగాల్సింది ఆ పన్నులో గట్టి భాగం ఇంకా ఎంత మిగిలింది, చిగురు పైన ఎంత ఉంది అని. మిగతా నిర్ణయాలన్నీ దాని వెనకాలే వస్తాయి.

ఎందుకంటే పన్ను మీద ఏ పని చేయాలన్నా ముందు కొంత పన్ను తీయాలి. పైన ఉండే ఎనామిల్ ఒకసారి పోతే మళ్లీ పెరగదు. ఫిల్లింగ్‌కి పుచ్చిన మేరకి తీస్తారు, క్యాప్‌కి చుట్టూ ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు, పైన నమిలే చోట రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీస్తారు. పైగా ఇవేవీ జీవితాంతం ఉండేవి కావు, ఏ పదేళ్లకో పదిహేనేళ్లకో మార్చాల్సి వస్తుంది, మార్చిన ప్రతిసారీ ఇంకాస్త పన్ను పోతుంది. అందుకే పాతికేళ్ల వయసులో వేయించుకున్న క్యాప్‌నీ అరవైలో వేయించుకున్న క్యాప్‌నీ ఒకేలా చూడకూడదు, పాతికేళ్ల మనిషి దాన్ని ఇంకా మూడు నాలుగుసార్లు మార్చుకోవాల్సి రావచ్చు.

చిన్న పిప్పి అయితే సిమెంట్ పెట్టించుకుంటే సరిపోతుంది, జనం సిమెంట్ అనేది ఇప్పుడు ఎక్కువగా కాంపోజిట్, పన్ను రంగులో ఉంటుంది. పాతకాలం వెండి ఫిల్లింగ్ గట్టిదే, దశాబ్దాలు ఉంటుంది, కానీ దాంట్లో పాదరసం ఉంటుంది కాబట్టి ప్రపంచమంతా దాన్ని తగ్గించుకుంటూ వస్తోంది, యూరోపియన్ యూనియన్‌లో అయితే 2025 జనవరి నుంచి చాలా కొద్ది సందర్భాల్లో తప్ప వాడకూడదు. అలాగని నోట్లో ఇరవై ఏళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా ఉన్న వెండి ఫిల్లింగ్‌ని భయపడి తీయించుకోవడం అనవసరం, తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ వస్తుంది, దాంతోపాటు కొంత మంచి పన్నూ పోతుంది. కాంపోజిట్‌తో వచ్చే చిక్కేంటంటే అది చేసే చేతిని బట్టి ఉంటుంది. పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి, ఉమ్మి తగిలితే అతుకు నిలబడదు, అందుకే శ్రద్ధగా చేసేవాళ్లు పన్ను చుట్టూ రబ్బర్ షీట్ బిగించి మరీ చేస్తారు. తర్వాత ఆ పదార్థాన్ని మామూలుగా రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి ఒక్కో పొరకీ నీలం లైట్ కొట్టి గట్టిపడనివ్వాలి, గట్టిపడేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి ఒకేసారి ముద్దలా పెట్టేస్తే అంచుల్లో సందు వచ్చి ఆ సందులోంచే మళ్లీ పిప్పి మొదలవుతుంది. అయిదు నిమిషాల్లో లోతైన ఫిల్లింగ్ అయిపోయిందంటే సంబరపడాల్సింది ఏం లేదు.

ఇక అసలు ఎక్కువ పళ్లు పోయే చోటు ఇంకొకటుంది, రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకోకపోవడం. నరం తీసేయగానే నొప్పి పోతుంది, జీతం వచ్చాక క్యాప్ చూద్దాంలే అనుకుంటారు, మూడు నెలలవుతుంది, ఏడాది అవుతుంది, పైన తాత్కాలికంగా పెట్టిన సిమెంట్ అరిగిపోతుంది. దవడ పన్ను లోపలంతా డొల్లగా, చుట్టూ పల్చటి గోడలతో ఉంటుంది కదా, కార్తీకంలో బసవనగుడి కడలెకాయ పరిషెకి పోయి వేయించిన వేరుశనక్కాయలు నములుతుంటే టప్‌మని నిలువునా చీలుతుంది. చీలిక వేరు దాకా పోతే దాన్ని ఎవరూ అతికించలేరు, తీసేయాల్సిందే. నరం తీసేస్తే పన్ను చచ్చిపోయి పెళుసవుతుంది అని చాలామంది చెప్తారు గానీ అసలు కారణం అది కాదు, పిప్పి తినేసింది కొంత, లోపలికి దారి చేయడానికి డాక్టర్ తీసింది కొంత, అలా గోడలు పల్చబడి బలం పోతుంది. క్యాప్ ఆ గోడలన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. అందుకే వెనక దవడ పన్నుకి ఆర్‌సీటీ అంటే క్యాప్‌తో కలిపే బడ్జెట్ వేసుకోవాలి. ముందు పన్నుకి అంత ఒత్తిడి పడదు కాబట్టి గోడలు బాగా మిగిలి ఉంటే ఒక్కోసారి ఫిల్లింగ్‌తోనే వదిలేయొచ్చు.

క్యాప్ వేయాలన్నా కింద పట్టు ఉండాలి. చిగురు పైన చుట్టూతా కనీసం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉంటే క్యాప్ దాన్ని కౌగిలించుకుని నిలబడుతుంది, డాక్టర్లు దీన్ని ఫెర్రుల్ అంటారు. అది లేకుండా వేర్లో పోస్ట్ అనే కడ్డీ దిగ్గొట్టి దాని మీద సిమెంట్‌తో మోడు కట్టి క్యాప్ తొడిగితే ఊడిపోతూనే ఉంటుంది, లేదంటే పన్ను వేరు పగిలిపోతుంది. అలాంటి పన్ను మీద పాతిక వేలు పోసి ఏడాదికి పోగొట్టుకోవడం కన్నా మొదట్లోనే తీసేసి వేరే దారి చూసుకోవడం మంచిదని చెప్పే డాక్టర్ మాట వినాలి, ఆయన పన్ను కాపాడటం చేతకాక చెప్పట్లేదు. అలాగే ఒకటి రెండు గోడలే పోయి మిగతా పన్ను బాగుంటే చుట్టూ అరగదీసే ఫుల్ క్యాప్ బదులు ఆన్‌లే చేయొచ్చా అని అడిగి చూడాలి, పోయిన భాగం మీద మాత్రమే కూర్చునే ముక్క అది. ఇక్కడ దాని గురించి చెప్పేవాళ్లు తక్కువే, చాలా క్లినిక్‌లలో నేరుగా క్యాప్‌కే పోతారు.

క్యాప్ రకాలు అంటే పూర్తి మెటల్, మెటల్ మీద పింగాణీ, జిర్కోనియా అనే తెల్లటి సిరామిక్, ఇంకా ముందు పళ్లకి ఎక్కువగా వాడే ఈమ్యాక్స్ లాంటి గాజు పింగాణీలు. మెటల్ క్యాప్‌ని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ వెనక చివరి పన్నుకి, నవ్వినా కనపడని చోట, అదే తక్కువ పన్ను తీసి వేయగలిగేది, పగలదు కూడా. మెటల్ మీద పింగాణీది మధ్యస్థం, కొన్నేళ్లకి పైన పింగాణీ పెచ్చు ఊడే అవకాశం ఉంది, చిగురు దిగితే అంచు దగ్గర నల్లగీత కనిపిస్తుంది. జిర్కోనియా బాగా గట్టిది, అందుకే ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. దానికి 10 ఏళ్లు, 15 ఏళ్లు అని వారంటీ కార్డు ఇస్తారు, ఆ కార్డు క్యాప్‌కే, కింద ఉన్న పన్నుకి కాదు. క్యాప్ చెక్కుచెదరకుండా ఉండి దాని అంచు దగ్గర పన్ను పుచ్చిపోవడమే ఎక్కువగా జరిగేది, దానికి ఏ కంపెనీ డబ్బులివ్వదు. క్యాప్ బిగించే రోజు తొందరపడకూడదు. పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి కొరకమంటారు, ఎక్కడ ఎత్తు తగులుతుందో అక్కడ మచ్చ పడుతుంది, అక్కడ అరగదీస్తారు. మత్తు ఇంజెక్షన్ దిగకముందు సరిగ్గా తెలియదు కాబట్టి ఇంటికెళ్లి అన్నం తింటుంటే ముందు ఆ పన్నే తగులుతున్నట్టుంటే "అలవాటవుతుందిలే" అని ఊరుకోకుండా వెంటనే పోయి సరిచేయించుకోవాలి, వెంట్రుకవాసి ఎత్తున్నా కింది పన్నుకి నొప్పి మొదలవుతుంది.

పన్ను మొత్తం పోయిందనుకోండి, అప్పుడు ముందు తేల్చుకోవాల్సింది అసలు పెట్టించుకోవాలా అని. జ్ఞానదంతం పోతే పెట్టక్కర్లేదు. ముందు పళ్లు, వాటి పక్కన చిన్న దవడ పళ్లు పోతే కనపడతాయి, మాట తేడా వస్తుంది, పెట్టించుకోవాలి. ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్నే అందరికీ ముందు పుచ్చేది, నమలడానికి అదే ముఖ్యం, అది పోయి ఖాళీగా వదిలేస్తే పక్కపళ్లు ఆ సందులోకి ఒరుగుతాయి, పైపన్ను కిందకి జారుతుంది, కొన్నేళ్లయ్యాక పెడదామంటే చోటే ఉండదు. చివర్లో ఉండే రెండో దవడ పన్ను ఒక్కటే పోయి మిగతావన్నీ బాగుంటే మాత్రం ఆలోచించుకోవచ్చు. 1980ల్లో నెదర్లాండ్స్‌లో కైజర్ అనే డాక్టర్ చేసిన పరిశీలనలతో, ముందు పళ్లూ చిన్న దవడ పళ్లూ కలిపి ఓ ఇరవై పళ్లు జంటలుగా బాగుంటే చాలామందికి తిండికి లోటుండదు అన్న అభిప్రాయం బలపడింది. అంటే నోట్లో ప్రతి ఖాళీలోనూ ఇంప్లాంట్ దించాలని రూలేం లేదు.

పెట్టించుకోవాలి అనుకుంటే మూడు దారులు, తీసి పెట్టుకునేది, బ్రిడ్జి, ఇంప్లాంట్. తీసి పెట్టుకునే ప్లేటు చవక, త్వరగా అయిపోతుంది, ఇంప్లాంట్ అతుక్కునే లోపు ముందు పన్ను ఖాళీ కనపడకుండా తాత్కాలికంగా వాడటానికి పర్వాలేదు. ఏళ్ల తరబడి వాడితే చిగురు మీద, పట్టుకున్న పళ్ల మీద ఒత్తిడి పడుతుంది, ఎంతైనా పరాయి వస్తువులాగే ఉంటుంది.

బ్రిడ్జి అంటే ఖాళీకి అటో పన్ను ఇటో పన్ను అరగదీసి మూడు క్యాపులు కలిపి తగిలిస్తారు. వారం పది రోజుల్లో అయిపోతుంది, ఆపరేషన్ లేదు, షుగర్ ఉన్నా ఫర్వాలేదు. విదేశీ అధ్యయనాల్ని కలిపి లెక్కేస్తే పదేళ్ల తర్వాత కూడా పది బ్రిడ్జిల్లో దాదాపు తొమ్మిది నోట్లో ఉంటున్నాయి, కాబట్టి దాన్ని పాతకాలం పని అని తీసిపారేయడం తప్పు. పక్కన ఉన్న రెండు పళ్లకీ ఎలాగూ పెద్ద ఫిల్లింగులో పాత క్యాపులో ఉన్నాయంటే బ్రిడ్జే తెలివైన పని. కానీ ఆ రెండూ ఒక్క మచ్చ కూడా లేని మంచి పళ్లైతే, పోయిన ఒక్కదాని కోసం ఉన్న రెంటినీ కొయ్యడం బాధాకరం, కొన్నాళ్లకి వాటిలో ఒకదాని నరం దెబ్బతిని ఆర్‌సీటీ దాకా పోయేవి కూడా ఉంటాయి. కింద దారం దూర్చి శుభ్రం చేసుకోకపోతే అన్నం మెతుకులు ఇరుక్కుని వాసనొస్తుంది, దీన్ని చేసిన రోజే అద్దంలో చూపించి నేర్పించమని అడగాలి. ముందు పన్ను పోయిన టీనేజ్ పిల్లలకి ఇంకోటుంది, మేరీలాండ్ బ్రిడ్జి, పక్కపన్ను వెనక వైపు రెక్కలా అతికించేది, కోత దాదాపు ఉండదు. దవడ ఎదుగుదల ఆగేదాకా పిల్లలకి ఇంప్లాంట్ పెట్టకూడదు కాబట్టి అప్పటిదాకా ఇది బాగా పనికొస్తుంది.

ఇంప్లాంట్ కథ స్వీడన్‌లో మొదలైంది. బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1950ల్లో కుందేలు ఎముకలో టైటానియం పరికరం పెట్టి పరిశోధన చేస్తుంటే తర్వాత అది ఊడి రాలేదు, ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టారు, ఆయన ఆ ఇంప్లాంట్లతోనే 2006లో చనిపోయేదాకా ఉన్నాడు. ఇప్పటికీ కిటుకు అదే, టైటానియం స్క్రూ ఎముకకి అతుక్కోవాలి, దానికి టైమ్ పడుతుంది, మామూలుగా కింది దవడకి రెండు మూడు నెలలు, పై దవడ ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి ఇంకొన్ని నెలలు. పక్కపళ్లని ముట్టుకోదు, అదే దాని గొప్పతనం. కానీ అది పుచ్చదు కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు, చుట్టూ చిగురు వాచి లోపల ఎముక కరిగే జబ్బు వస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, ఊగడం మొదలయ్యేసరికి చేయి దాటిపోతుంది. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకీ, సిగరెట్, గుట్కా మానని వాళ్లకీ, షుగర్ అదుపులో లేనివాళ్లకీ ఈ ప్రమాదం ఎక్కువ. ఎముకలు గుల్లబారకుండా అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందులు వాడుతున్న పెద్దవాళ్లైతే ఆ సంగతి పన్ను పీకించుకునే ముందే చెప్పాలి, ఆ మందుల వల్ల దవడ ఎముక మానకపోయే ఇబ్బంది ఉంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మనవాళ్లలో గట్టి నమ్మకం ఒకటుంది, దానివల్ల చిగుళ్ల జబ్బు ముదిరి పళ్లు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. పళ్లని అప్పటికే వదులు చేసింది గార, క్లీనింగ్ కాదు.

ఎముక విషయంలో ఇంకో మాట. పన్ను పీకిన మొదటి ఏడాదిలో అక్కడ దవడ ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. కాబట్టి ఇంప్లాంట్ ఆలోచన ఉంటే పీకకముందే చెప్పాలి, ఆ గుంతలో ఎముక పొడి నింపి నిలబెట్టే వీలుంటుంది. అయిదేళ్లయ్యాక పోతే గ్రాఫ్ట్ (తగ్గిన చోట ఎముక పెట్టి పెంచడం), పై దవడలో సైనస్ లిఫ్ట్ (పై దవడ మీదుండే గాలి గది అడుగుని పైకెత్తి ఎముక నింపడం) అని ఖర్చు పెరుగుతుంది, టైమూ పెరుగుతుంది.

బెంగళూరు తెలుగు ఇళ్లలో ఈ టైమ్ దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. అనంతపురం నుంచో, కర్నూలు నుంచో, మదనపల్లె నుంచో అమ్మానాన్నలు మనవడిని చూడ్డానికి ఓ రెండు వారాలు వస్తారు, ఎలాగూ వచ్చారు కదా పళ్లన్నీ కట్టించేద్దాం అని పిల్లలు ప్రేమతోనే తీసుకెళ్తారు. ఆ రెండు వారాల్లోనే అన్నీ అయిపోవాలంటే క్లినిక్ వాళ్లు కూడా ఆ టైమ్‌లో పట్టేదే చెప్తారు, ఉన్న పళ్లు కూడా తీసేసి మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్లు అన్న ప్యాకేజీలోకి పోతుంది వ్యవహారం. వెంటనే పళ్లు బిగించే పద్ధతులు లేకపోలేదు, సరైన ఎముక, సరైన చేయి ఉంటే బాగానే పనిచేస్తాయి, కానీ మూడు నాలుగు ట్రిప్పులుగా విడగొట్టుకోవడమే ఎక్కువమందికి క్షేమం. మొదటి రాకలో షుగర్ పరీక్ష, చిగుళ్ల క్లీనింగ్, పనికిరాని పళ్లు తీయడం, దసరాకో సంక్రాంతికో మళ్లీ వచ్చినప్పుడు ఇంప్లాంట్లు, ఎండాకాలంలో పళ్లు. మొత్తం పళ్లు పోయిన పెద్దవాళ్లకి మామూలు సెట్టు పై దవడకి బాగానే అంటుకుంటుంది, కిందదే నాలుక కదిలినప్పుడల్లా లేచిపోతుంది, వాళ్లు దాన్ని డబ్బాలో పెట్టేసి చిగుళ్లతోనే పెరుగన్నం తింటుంటారు. 2002లో కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో నిపుణులు కూర్చుని కింది దవడకి రెండే రెండు ఇంప్లాంట్లు వేసి వాటికి టిచ్ బటన్‌లా తగులుకునే సెట్టు మొదటి ఎంపికగా ఉండాలని తేల్చారు. ఎనిమిది, పది ఇంప్లాంట్లు అక్కర్లేదు, రెండింటితోనే ఆ మనిషి మళ్లీ జొన్నరొట్టె తినగలిగితే అంతకన్నా ఏం కావాలి.

రాయలసీమ, ప్రకాశం, నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్లకీ, ఇక్కడే కోలార్, చిక్కబళ్లాపుర వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకీ ఇంకో సంగతి చెప్పాలి, ఫ్లోరైడ్ మచ్చలు. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించిందే 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో. పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉంటాయి, పెళ్లికి ముందు స్మైల్ డిజైన్ అని ఆరు, ఎనిమిది ముందు పళ్లకి క్యాపులు వేసేస్తున్నారు. ఆ పళ్లు చాలావరకు గట్టిపళ్లే, రంగే బాలేదు. పైపైన రుద్ది తీసే మైక్రో అబ్రేషన్, బ్లీచింగ్, కాంపోజిట్, అవి చాలకపోతే అర మిల్లీమీటరు మేర తీసి ముందు వైపు అతికించే పల్చటి పెచ్చు, వెనీర్ అని వరసగా చూసుకుంటూ పోవాలి. ఫొటోల కోసం మంచి పన్నుని మోడుగా అరగదీయించుకోవడం అన్యాయం, ఇరవై ఆరేళ్ల పిల్లకి అది చేసే ముందు ఎవరో ఒకరు ఆపాలి.

పిల్లలు ఆడుకుంటూ పడి శాశ్వత పన్ను మొత్తం ఊడొస్తే మాత్రం ఇవేవీ ఆలోచించే టైమ్ లేదు. వేరు పట్టుకోకుండా పై భాగం పట్టుకుని, మట్టి ఉంటే కొంచెం కడిగి, రుద్దకుండా, వెంటనే అదే గుంతలో పెట్టేయాలి, కుదరకపోతే పాలల్లో వేసి అరగంటలోపు డాక్టర్ దగ్గరికి పోవాలి. బెంగళూరు ట్రాఫిక్‌లో దూరంగా ఉన్న పెద్ద హాస్పిటల్ కన్నా వీధి చివర క్లినిక్కే మేలు. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు.

ఖర్చు సంగతికొస్తే, బెంగళూరు క్లినిక్‌లలో ఒక ఇంప్లాంట్ దాని మీద క్యాప్‌తో కలిపి సుమారు 25,000 దగ్గర మొదలై బ్రాండుని బట్టి 60,000 కూడా దాటుతుంది. మామూలు హెల్త్ పాలసీల్లో ఇవి చాలావరకు కవర్ కావు, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి అడ్మిట్ అయితే తప్ప, కంపెనీ గ్రూప్ పాలసీలో ఓపీడీ కింద డెంటల్ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగడం మంచిది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకి కేఆర్ మార్కెట్ దగ్గర విక్టోరియా హాస్పిటల్ ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, బొమ్మనహళ్లిలో ఆక్స్‌ఫర్డ్, జేపీ నగర్‌లో ఆర్‌వీ, వైట్‌ఫీల్డ్‌లో వైదేహి లాంటి ప్రైవేటు డెంటల్ కాలేజీలూ ఉన్నాయి. అక్కడ పీజీ స్టూడెంట్లు ప్రొఫెసర్ల కళ్లముందు చేస్తారు, నాలుగుసార్లు ఎక్కువ తిరగాలి, కానీ ప్రతి దశలోనూ ఇంకో కన్ను చూస్తుంది.

ఎక్కడ చేయించుకున్నా ఇంప్లాంట్ డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ నంబర్ దాని మీద ఉంటాయి, అది అడిగి తీసుకుని ఫొటో తీసి దాచుకోవాలి. ఒక కంపెనీ స్క్రూకి ఇంకో కంపెనీ పార్టులు ఎక్కువగా పట్టవు. ఉద్యోగం మారి హైదరాబాద్‌కో డల్లాస్‌కో పోయాక పైన క్యాప్ లూజ్ అయిందంటే, ఆ స్టిక్కర్ ఉన్నవాళ్లకి అది సరైన డ్రైవర్ తెప్పించి బిగించే చిన్న పని, లేనివాళ్లకి అక్కడి డాక్టర్ ఎక్స్‌రేలో స్క్రూ ఆకారం చూసి ఇది ఏ కంపెనీదో అని వెతకడంతో మొదలవుతుంది.